ఏ నవల చదువుదుము?

లోకములో గొప్ప నవలలని పేరుపొందినవి వందలకొలది కలవు. మనకు దొరకు సాయంకాలములు కొద్ది. పగలంతయు పనిచేసి, భోజనము ముగించి కూర్చుండిన తరువాత మిగులు గంటలో టాల్‌స్టాయి వ్రాసిన 'యుద్ధము-శాంతి' చేతబట్టినయెడల అది ముగియుటకు నెలలు పట్టును. గనుక ఏది చదువవలెను, ఏది విడువవలెను అనునది మనకు నిజమైన ప్రశ్నయే.

మన సంఘములలో కొందరు పెద్దలు దీనికి సులువైన జవాబు చెప్పుదురు: పాపమును వర్ణించు పుస్తకము ముట్టరాదు. ఉద్దేశము మంచిదే. కాని ఈ కొలత పట్టుకొన్నయెడల సమూయేలు రెండవ గ్రంథము 11వ అధ్యాయమును గూడ మూసివేయవలసివచ్చును. అక్కడ వ్యభిచారమును హత్యయు రెండును కలవు. తరువాతి అధ్యాయములో నాతాను ప్రవక్త రాజునొద్దకు వచ్చి ధర్మశాస్త్రము వల్లించలేదు, ఒక కథ చెప్పెను. పేదవాని గొఱ్ఱెపిల్లను తీసికొన్న ధనవంతునిమీద మండిపడి తీర్పు చెప్పిన తరువాతనే, ఆ ధనవంతుడు తానేయని దావీదునకు తెలిసెను. నేరుగా చెప్పియుండినయెడల వినియుండునో లేదో!

మనకు కావలసిన కొలత ఇక్కడ దొరకుచున్నది. ఆ పుస్తకము మనలను ఎక్కడ కూర్చుండబెట్టుచున్నది? న్యాయపీఠముమీదనా, ముద్దాయి ప్రక్కనా? చెడ్డవాడు ఎప్పుడును పొరుగువాడే అయిన నవలలు చదువుటకు హాయిగానుండును. వాటిని ముగించి లేచునప్పుడు మునుపటికంటె కొంచెము ఎక్కువ నీతిమంతులమైనట్లు మనకు తోచును. అట్టివి ఎంత పేరుపొందినను మన గంటకు తగవు.

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరబ్ల్' కథ తెలుగువారికి క్రొత్తది కాదు. 1950లో నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' చిత్రము దానినుండి వచ్చినదే. రొట్టె దొంగిలించి, పారిపోజూచి, మొత్తము 19 సంవత్సరములు ఖైదులో గడపిన జా వల్జా కొరకు అందరము కన్నీరు విడుతుము. వెండి సామానులెత్తుకొనిపోయిన వానికి దీపస్తంభములు గూడ ఇచ్చి పంపిన బిషప్పుగారిని మెచ్చుకొందుము. అయితే ఆ కథలో మన పోలిక గలవాడు చాలమట్టుకు జావేర్ అను పోలీసు అధికారి. అతడు లంచము ముట్టడు. తనవలన తప్పు జరిగినదని తోచినప్పుడు తనకు గూడ శిక్ష కోరును. ఒకసారి దొంగయైనవాడు ఎన్నటికిని దొంగయే యని అతని నమ్మకము. సంఘ క్రమశిక్షణకు ఒకప్పుడు లోనైనవాని పేరు ఎదుట మన మనస్సులో వేసికొన్న గుర్తును ఎన్ని సంవత్సరములకు చెరిపితిమి? జావేరును ద్వేషించుచు ఆ నవల ముగించినవాడు దానిని సగమే చదివెను. (వాటర్లూ యుద్ధమును, పారిస్ మురుగుకాలువలను గూర్చిన దీర్ఘాధ్యాయములు విసుగు పుట్టించినయెడల దాటిపోవచ్చును, నష్టము లేదు.)

'అన్నా కరెనినా' మొదట టాల్‌స్టాయి ఉంచిన వాక్యము రోమా పత్రిక 12వ అధ్యాయములోనిది. పగతీర్చుట దేవుని పని యని దాని భావము. అది అన్నాను ఉద్దేశించినదని అనేకులు తలంతురు. కాని ఆమె నాటకశాలకు వచ్చినప్పుడు అవమానించినవారిని, ప్రియుని చాటుగా ఉంచుకొనియు ఆమె యింటికి వచ్చుట మానుకొన్న బెట్సీ దొరసానిని చూడుడి. తీర్పు తీర్చు పనిని మనుష్యుల చేతినుండి తీసివేయుటకే ఆ వాక్యము అక్కడ నున్నదని మనకు తోచుచున్నది. ఈ నవల పడుచువారికంటె కొంతకాలము కాపురము చేసినవారికి ఎక్కువ బోధపడును.

ఇంత పెద్దవి చదువ తీరికలేనివారు 1886లో వెలువడిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణము' తీసికొనవచ్చును. చిన్న నవల, రెండు సాయంకాలములు చాలును. ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధిపతి. తాను ముద్దాయిల ఎదుట ఏ గాంభీర్యము చూపెనో, జబ్బుపడి వైద్యునియొద్దకు పోయినప్పుడు అదే గాంభీర్యమును ఆ వైద్యుని ముఖముమీద చూచును. ఇంటివారందరును అతడు బాగగునని నటించుచుండగా, గెరాసిమ్ అను పల్లెటూరి పనివాడొక్కడు నిజము దాచక, రాత్రులు అతని కాళ్లు తన భుజములమీద ఎత్తి పట్టుకొని కూర్చుండును. మన సంఘములో రోగులను దర్శించు పని ఒప్పుకొన్నవారు మొదట ఈ నవలతో ప్రారంభింతురుగాక.