ప్రాణత్యాగము – ప్రాణవిముక్తి

నేటి నంద్యాల జిల్లాలోని శ్రీశైలమున, కొండవీటి ప్రభువగు అనవేమారెడ్డి 1377లో వీరశిరోమండపమును నిర్మించినట్లు శాసనము చెప్పుచున్నది. వీరభక్తులు అచ్చట తమ శిరస్సులను, నాలుకలను స్వయముగా ఖండించుకొని స్వామికి అర్పించెడివారు.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో తీరని వ్యాధితో మంచము పట్టిన వృద్ధుడు “ఈ గొట్టాలు చాలు నాయనా, ఇంటికి తీసుకుపోండి” అని కోరినచో, అదియు అట్టి ఆత్మార్పణమేనా? కాదు. ఆ వీరుడు నిలిచియున్న ప్రాణమును త్రుంచుకొనెను. ఈ వృద్ధుడు పోవుచున్న ప్రాణమును బలిమితో ఆపవలదనుచున్నాడు.

న్యాయస్థానములును ఈ గీతనే గీచినవి. 2004లో కండరముల క్షీణవ్యాధిగ్రస్తుడగు హైదరాబాదు చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, అవయవదానమునకై ముందుగానే మరణింప అనుమతి కోరగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించెను. కోలుకొనజాలని రోగికి కృత్రిమ ప్రాణాధారములను తొలగింపవచ్చుననియు, ఆ కోరికను ముందే వ్రాసియుంచవచ్చుననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మందిచ్చి ప్రాణము తీయుట మాత్రము నేటికిని నేరమే.

దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. దేవాలయమును కూల్చు హక్కు ఎవరికిని లేదు. దేవుడు వెడలుచుండగా తలుపులు బిగించు హక్కును లేదు.

అయినను ఒక ప్రమాదము కలదు. ఇంటివారి విసుగును, వైద్యపు ఖర్చును రోగి కోరికగా చెప్పుట సులభము. “మీకు భారమైతిని” అను మాటలో తరచుగా వినిపించునది మరణేచ్ఛ కాదు, ఆదరణకై ఆశ. కావున ముందు సేవ పెరుగవలెను. పిమ్మటనే కోరికను విచారింపవలెను. ఆ విచారణయు రోగి నోట మాట ఉండగానే, అతనినే అడిగి, జరుగవలెను. దాసోహము లేని చోట ప్రాణవిముక్తి అను మాటకు అర్థము లేదు.