కాలు జారిందన్నాను

ఈ దేశం వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను మానని అలవాట్లు రెండే: పొద్దున్నే ఫిల్టరు కాఫీ, ఆదివారం ఫుట్‌బాల్. పదిమందిమి, సగం తెలుగువాళ్ళం, స్టాక్‌పోర్ట్‌లో ఒక బడి వెనకాల ఉన్న ప్లాస్టిక్ గడ్డి మైదానాన్ని గంట లెక్కన అద్దెకి తీసుకుని ఆడతాం. వాన పడినా సరే. వాన పడని ఆదివారం కోసం చూస్తూ కూర్చుంటే ఇక్కడ ఎవరూ ఏ ఆటా ఆడలేరు.

కిందటి నవంబరులో ఒక మనిషి తక్కువైతే, మా మిత్రుడు తన పదిహేడేళ్ళ కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. ఇక్కడే పుట్టిన పిల్లాడు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. వాణ్ణి ఆపడం నా పని. మొదటిసారి నా కుడివైపునుంచి దూసుకుపోయాడు. రెండోసారి ఎడమవైపునుంచి. మూడోసారి బంతిని నా కాళ్ళ మధ్యనుంచి తోసి వెనకాల అందుకున్నాడు. ఎవరో నవ్వారు. నాలుగోసారి వాడు వస్తున్నప్పుడు బంతి ఎక్కడుందో నాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది. నా కాలు మాత్రం బంతివైపు వెళ్ళలేదు.

వాడు చీలమండ పట్టుకుని కూలబడ్డాడు. అందరూ మూగారు. "కాలు జారింది నాన్నా, తడిగా ఉంది కదా" అన్నాను. "ఇట్స్ ఓకే, అంకుల్" అన్నాడు నా మొహంలోకి చూస్తూ. వాడికి తెలిసిపోయిందని ఆ చూపులోనే నాకు తెలిసింది. వాళ్ళ నాన్న పైగా నాకే ధైర్యం చెప్పాడు, "ఆటన్నాక తగుల్తాయండీ, మీరేం బాధపడకండి" అని. పిల్లాడు మూడు వారాలు కుంటాడు.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే, మా ఇంటికి గంట దూరంలో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. 2015 మార్చి 22న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌కీ మాంచెస్టర్ యునైటెడ్‌కీ మ్యాచ్. లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్‌కి అప్పటికి 34 ఏళ్ళు. ఆ సీజన్ అయ్యాక క్లబ్బు వదిలి వెళ్తున్నానని జనవరిలోనే చెప్పేశాడు. చిన్నప్పటినుంచీ తన ప్రాణంగా పెరిగిన క్లబ్బు. ఆ మైదానంలో ఆ ప్రత్యర్థితో అదే ఆఖరి ఆట. అలాంటి రోజున మొదటి సగమంతా బెంచీ మీద కూర్చోవలసొచ్చింది. రెండో సగానికి దిగాడు. దిగిన 38 సెకన్లకి, తన మీదికి జారుతూ వచ్చిన ఆండెర్ హెరేరా కాలు తొక్కి, ఎర్రకార్డు తీసుకుని బయటికి నడిచాడు. అప్పటికే ఒక గోలు వెనకబడి ఉన్న లివర్‌పూల్ పదిమందితో ఆడి 2-1తో ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక జెరార్డ్ కెమెరా ముందు నిలబడి తప్పు తనదేనని ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. కాలు జారిందనలేదు.

హెరేరా మీద ఆయనకి అంత కోపం ఎందుకుంటుంది? ఆ బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టింది హెరేరా కాదు. వయసు. వయసుకి చీలమండ లేదు. అందుకని ఎదురుగా ఉన్న పాతికేళ్ళవాడి కాలు దానికి బదులిచ్చిందని నాకనిపిస్తుంది. నా సంగతీ అంతే. ఆ పిల్లాడు నన్ను ఏమీ అనలేదు. వాడు చేసిన నేరమల్లా ఒకప్పుడు నేను పరిగెత్తినట్టు పరిగెత్తడం.

"కావాలని చెయ్యలేదు కదా" అని నాకు నేను చెప్పుకుని చూశాను. కాని ఫుట్‌బాల్ నియమావళి ఈ విషయంలో మనకంటే తెలివైనది. ఎదుటివాణ్ణి తన్నినప్పుడు నీ ఉద్దేశం ఏమిటని అది అడగదు. అజాగ్రత్తా, తెగింపా, మితిమీరిన బలమా అనే చూస్తుంది. అజాగ్రత్తకి ఫ్రీకిక్, తెగింపుకి పసుపు కార్డు, మితిమీరిన బలానికి ఎరుపు. మనసులోకి తొంగిచూడటం రిఫరీకి సాధ్యం కాదు, నిజమే. కాని మనసు మనకైనా పూర్తిగా కనబడుతుందా? నా కాలికి తెలిసిన సంగతి నేను ఒప్పుకోవడానికి ఒక రాత్రి పట్టింది.

మరి ఎప్పుడు తప్పుకోవాలి? పరువుండగానే వెళ్ళిపోవాలని మనవాళ్ళు అంటారు. మన లక్ష్మణ్ అలాగే చేశాడు. 2012 ఆగస్టులో న్యూజీలాండ్‌తో ఆడే జట్టుకి ఎంపికయ్యాడు. మొదటి టెస్టు సొంత వూరు హైదరాబాదులోనే. వూరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టే వీడ్కోలు చేతిలో ఉండగా, అది ఆడకుండానే రిటైరవుతున్నానని చెప్పేశాడు. నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

అయినా దాన్నే సూత్రం చేసుకోవడానికి నాకు మనసొప్పదు. పాల్ స్కోల్స్ 2011లో రిటైరై, 2012 జనవరిలో, 37 ఏళ్ళ వయసులో, తిరిగొచ్చి యునైటెడ్‌కి మళ్ళీ చక్కగా ఆడాడు. ఆయన రావడం తప్పంటామా? అటుపక్క మా సికిందరాబాదు ఆటగాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టువాడు. మరుసటి ఏడాదే అనారోగ్యం వల్ల, ఇంకా ముప్పై నిండకుండానే, ఆట మానుకోవలసొచ్చింది. ఆ కథ తల్చుకుంటే, ఒంట్లో ఓపికున్నవాణ్ణి పరువు పేరు చెప్పి ఇంటికి పొమ్మనడం అన్యాయమనిపిస్తుంది. నెమ్మదించడం తప్పు కాదు. ఓడిపోవడం తప్పు కాదు. నవ్వులపాలవడం కూడా తప్పు కాదు, నవ్వేవాళ్ళని నవ్వనిస్తే.

లెక్క వేరేచోట ఉంది: నా మొండితనానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? యయాతి కథ మనందరికీ తెలిసిందే. ముసలితనం మీదపడితే ఒప్పుకోలేక కొడుకు పూరుడి యౌవనం తీసుకున్నాడు. ఆయనకి ఆశ ఉండటంలో నాకు తప్పు కనబడదు. ఆ ఆశకి కొడుకు ఒళ్ళు ఖర్చుపెట్టడంలో కనబడుతుంది. చివరికి తృప్తి తీరేది కాదని తెలుసుకుని, యౌవనం తిరిగిచ్చి, రాజ్యం కూడా అప్పజెప్పాడు. నా మోకాలు నొప్పెడుతున్నంతకాలం అది నా సొంత వ్యవహారం. ఇంకొకరి చీలమండ వాచిన రోజున కాదు.

ఇలా ఆలోచిస్తుంటే ఆదివారం ఒక్కటే గుర్తుకురాలేదు. ఆ నెలలోనే మా ఆఫీసు మీటింగులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక ప్రోగ్రాము గురించి చెబుతోంది. నేను పదిహేనేళ్ళ కిందట రాసినదానికంటే నయంగా ఉంది. మధ్యలో ఆపి, అక్కర్లేని వివరం ఒకటి అడిగాను, తడబడుతుందని తెలిసే. తడబడింది. అక్కడ విజిల్ ఊదేవాళ్ళు లేరు. మన సంఘాల్లో ఇరవై ఏళ్ళుగా మైకు వదలని పెద్దమనుషులు, పెళ్ళయిన కొడుక్కి బీరువా తాళాలివ్వని తండ్రులు, అందరం ఎక్కడో ఒకచోట ఎవరి కాలో తొక్కుతూనే ఉన్నాం. అందరం "కాలు జారింది" అంటూనే ఉన్నాం.

తరవాతి శనివారం మా మిత్రుడింటికి వెళ్ళాను. తండ్రీకొడుకుల ఎదుటే, "ఆ రోజు నా కాలు జారలేదు. కోపంతో తన్నాను" అని చెప్పాను. మిత్రుడు కాఫీ కప్పు కింద పెట్టి కాసేపు ఏమీ అనలేదు. పిల్లాడు మాత్రం, "ఐ నో, అంకుల్" అని, కాస్త ఆగి, తెలుగులో, "చెప్పినందుకు థాంక్స్" అన్నాడు. మిత్రుడు ఇప్పటికీ నాతో మునుపటంత చనువుగా లేడు. అది నాకు రావలసిందే.

ఆదివారం ఆటలో నా చోటు వాడికిచ్చాను. నేనిప్పుడు గురువారం సాయంత్రాలు నడక ఫుట్‌బాల్ ఆడుతున్నాను. 2011లో చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైన ఆట. ఏభై దాటినవాళ్ళ కోసం పెట్టారు. పరిగెత్తకూడదు, పరిగెత్తితే ఎదుటి జట్టుకి ఫ్రీకిక్. మొదటి రోజే నాకు రెండుసార్లు విజిల్ పడింది. రెండోసారి, డెబ్భై దాటిన ఒక పెద్దాయన నెమ్మదిగా నడుస్తూ నా దగ్గర్నుంచి బంతి లాక్కుపోయాడు. సర్రున కోపం వచ్చింది. మైదానం మారినంత తేలిగ్గా అది పోదని అప్పుడే తెలిసింది. కాళ్ళు రెండూ నేలమీద ఆన్చి, ఆయన్ని వెళ్ళనిచ్చాను.