గోడమీది ఉగ్గుగిన్నెలు

నా చిన్ననాట మా వీధిలో నొక యిల్లాలుండెడిది. అక్షరములు గాని, గడియారపు ముండ్లు గాని ఆమెకెన్నడును పట్టుబడలేదు. ఇరుగుపొరుగువారు జాలి కలిగినప్పుడు అమాయకురాలనియు, కలుగనప్పుడు తెలివితక్కువదనియు ఆమెను అనుచుండిరి. ఆమెకు నెల తప్పినదని తెలిసిననాడు, "ఈ పిల్లా బిడ్డను సాకేది?" అని వీధివారందఱును ముక్కున వేలు వేసికొనిరి. అత్తగారు మాత్రము ఎవరికిని బదులు చెప్పక, బిడ్డకు ఆఱవ నెల రాగానే, వంటింటి గోడమీద బొగ్గుతో సూర్యుని, చంద్రుని గీచి, వారి నడుమ ఉగ్గుగిన్నెల బొమ్మలు వేసినది. ఎన్ని గిన్నెలో అన్నిమార్లు పెట్టవలెను. పెట్టినప్పుడెల్ల కోడలు ఒక చింతపిక్కను గూటిలో వేసెడిది. ప్రొద్దు గూకువేళ అత్తగారు ఆ పిక్కలను బొమ్మలతో సరిచూచెడిది.

తొలికాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకొను ఆచారమును తలచినప్పుడెల్ల నాకా గోడయే జ్ఞప్తికి వచ్చును. పసికందును కాళ్లమీద వేసికొని నీళ్లు పోయుట యెంత చదివిన తల్లికైనను మొదటినాడు చేతగాదు. అమ్మమ్మ పోయుచుండగా చూచి నేర్చుకొనును. ఆ సాయమును మనమెన్నడును అసమర్థత యనలేదు. అదే సాయము మఱికొంత హెచ్చుగా, మఱికొంత దీర్ఘకాలము కావలసిన తల్లిని మాత్రము మాతృత్వమునకే అనర్హురాలనుట యే న్యాయము? బిడ్డ క్షేమము ముఖ్యము కాదని నేననను. కాని తగిన తోడ్పాటు నిచ్చి చూడకముందే చెప్పిన తీర్పు క్షేమచింతన కానేరదు.

చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయమందున్న యొక అనాథ యువతి, స్వల్ప బుద్ధిమాంద్యము గలది, అత్యాచారమువలన గర్భవతి కాగా, హైకోర్టు గర్భస్రావమునకు ఆదేశించెను. ఆమె బిడ్డను కనెదననెను. ఆమె సమ్మతి లేక గర్భము తీయరాదని 2009లో సుప్రీంకోర్టు ఆ యాదేశమును త్రోసిపుచ్చెను. తల్లిదండ్రుల వైకల్యమును బట్టి బిడ్డను వారినుండి వేఱుచేయరాదని పలుకు ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 2007లోనే ఆమోదించియున్నది. అయినను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని తొమ్మిదవ సెక్షను వైకల్యము గల బిడ్డను గూర్చి మాత్రమే పలికి, వైకల్యము గల తల్లిని గూర్చి మిన్నకున్నది.

అత్తగారు కాలము చేసిన యేటనే పండుగకు ఆ గోడకు సున్నము కొట్టిరి. బొమ్మలను మరల గీయుటకు ఎవరును రాలేదు. కొన్నాళ్లకు బంధువులు బిడ్డను తమ యూరికి తీసికొనిపోయిరి. తల్లిని ఒక్కమాటైన నడుగలేదు. ఆమె ఆ పిక్కలను చాలకాలము కొంగున ముడివేసికొని తిరిగినది.

తొమ్మిదవ సెక్షనులో తల్లిదండ్రుల వైకల్యమును గూడ చేర్చవలెను. అంతకుముందే, ఇట్టి తల్లి మీ వీధిలో నున్నయెడల, ఆమె గోడను ఒక్కసారి చూచి రండు.