పళ్లు దించిన కుట్టుమిషను

ధ్యానభాగము: గలతీయులకు 5:13



పాత చీరలు పొరలుగా పరచి చేతిసూదితో బొంతలు కుట్టుట మన పల్లెలలో అందరికిని తెలిసినదే. మా సంఘములోని ఒక సహోదరి యిప్పుడు బాలానగరులో కుమారుని యింట నున్నది. మన గుడిగోడకు వ్రేలాడదీయుటకై ద్రాక్షతీగె గల చిన్న బొంతను మిషనుమీద కుట్టుట అభ్యసించుచున్నది. ఆమెను చూడబోయినప్పుడు ఆ పనిని మేము కొంతసేపు గమనించితిమి.

మిషనులో సూదిక్రింద రంపపు పళ్లవంటి చిన్న యినుప పళ్లుండును. అవి పైకి లేచి, గుడ్డను ఒక్క కుట్టంత ముందుకు జరిపి, క్రిందికి దిగి, మరల వెనుకకు వచ్చును. ఈ నాలుగు కదలికల యేర్పాటుకు అమెరికా దేశస్థుడైన ఆలెన్ విల్సన్ 1854లో పేటెంటు పొందెను. పళ్లున్నంతవరకు కుట్లు సమముగా పడును. గాని తీగె వంపులు ఇష్టమువచ్చినట్లు తిరుగవు. అందుకు పళ్లు దించి గుడ్డను చేతులతోనే నడుపవలెను.

చూచుటకది స్వేచ్ఛయే. అయితే కుట్టు పొడవెంతో నిర్ణయించునది యిక చేయియే. చేయి త్వరపడిన కుట్లు బారలగును; చేయి ఆగిన దారము ఒక్కచోటనే ముద్దకట్టును. సూది గుడ్డలో నుండగా లాగిన సూది విరుగును. పాదపు మీటను దించుట మరచినయెడల పైదారమునకు బిగువుండదు. పైన తప్పు వెంటనే తెలియదు. అడుగున దారము చిక్కుపడి గూడుకట్టును.

1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ మందుల కర్మాగారము కట్టుట వలనను, 1968లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వెలయుట వలనను బాలానగరు పరిశ్రమల తావుగా పేరుపొందెను. మన పిల్లలు ఇటువంటి చోట్లకే పనికి పోవుచున్నారు. ఇంట నున్నప్పుడు తలిదండ్రుల చూపు, పెద్దల మాట, ఆదివారపు గంట వారిని జరుపుచుండెను. అచ్చట ఆ పళ్లు దిగిపోయినవి. ఇక వారిని నడుపునదేది? ఇంతకాలము తిన్నగా నడచినది వారి మనస్సాక్షియా, మన పళ్లా?

ఈ ప్రశ్న మొదట మమ్మునే గుచ్చుచున్నది. కాపరులమైన మేము పిల్లలను జరుపుటయే గాని, వారి చేతికి నేర్పితిమా?

పంపకుందుమనుట జవాబు కాదు. పళ్లు దించనిదే తీగె రాదు. పౌలు స్వాతంత్ర్యమును తీసివేయలేదు. దానిని శరీరమునకు అప్పగింపక, ప్రేమతో ఒకరికొకరు దాసులగుటకు వాడుడని బోధించెను. ఆ ప్రేమయే కంటికి కనబడని బిగువు. అది లేని స్వేచ్ఛ అడుగున చిక్కుపడును.

ఆ సహోదరి మొదట అదేవిధముగా దూది పెట్టిన పనికిరాని ముక్కమీద సాధన చేసెను. మనమును ఇంటనుండగానే పిల్లలకు చిన్న స్వేచ్ఛల నిచ్చుదము: సంత డబ్బు, కానుకల లెక్క, ఒక ఆదివారపు పాఠము. మేలు కీడులను గుర్తెరుగుట సాధనవలన కలుగునని హెబ్రీ 5:14 మనకు నేర్పుచున్నది గదా.

బొంతపై మొదటి ఆకు వంకరగా వచ్చెను. "విప్పుదువా అమ్మా?" అని అడిగితిమి. "విప్పితే గుడ్డంతా చిల్లులే అయ్యగారండీ. ఉండనివ్వండి, పక్క ఆకు చక్కగా కుడతాను" అనెను.

తప్పిపోయి తిరిగి వచ్చు బిడ్డలను విప్పి చింపక, ప్రక్కనొక చక్కని ఆకునకు చోటిచ్చు మనస్సు ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.