దంపుడూ బియ్యమూ: ఆంగ్ల వ్యాకరణాభ్యాసంపై ఒక తాత్త్విక విచారణ

అవగాహన అభ్యాసంవల్ల కలుగుతుందా, లేక అభ్యాసం ముగిసిన చోట తనంతట తానే కలుగుతుందా అన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో మోక్షశాస్త్ర సందర్భంలో పుట్టినదే అయినా, పదో తరగతి ఆంగ్ల పరీక్షకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థి విషయంలోనూ అది అంతే బలంగా నిలుస్తుంది. ఆ విద్యార్థి నెలల తరబడి యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌గా మారుస్తాడు, ఖాళీల్లో ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు నింపుతాడు, మునుపు చూడని ప్యాసేజ్ చదివి దాని కింది ప్రశ్నలకు జవాబులు రాస్తాడు. ఇదంతా చేసే పని, అంటే క్రియ. చదివిన వాక్యం అర్థమవడం మాత్రం క్రియ కాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ రెంటినీ స్పష్టంగా వేరుచేశారు: క్రియ పురుషతంత్రం, అనగా మనిషి ఇష్టానికి లోబడినది, దానిని చేయవచ్చు, మానవచ్చు, మరొక విధంగానూ చేయవచ్చు, జ్ఞానం వస్తుతంత్రం, అనగా తెలియవలసిన వస్తువు ఎలా ఉంటే అలాగే కలిగేది, మనిషి కోరినంత మాత్రాన రానిది, వద్దన్నా ఆగనిది. ఈ విభజనను అంగీకరిస్తే పఠన నైపుణ్యాన్ని అభ్యసించడం అన్న మాటలోనే ఒక చిక్కు కనబడుతుంది, ఎందుకంటే అభ్యసించగలిగేది పఠనాన్నే తప్ప అవగాహనను కాదు.

ఈ చిక్కుకు పరిష్కారాన్ని కూడా అదే భాష్యం సూచిస్తుంది. శ్రవణం, మననం, నిదిధ్యాసనం, అంటే వినడం, విచారించడం, విడవకుండా మనసు నిలపడం, ఒక్కసారి చేస్తే చాలునా, పదేపదే చేయాలా అన్న చర్చ నాలుగవ అధ్యాయం ఆరంభంలో వస్తుంది. వాటి ఫలం కంటికి కనబడే ఫలమే గనుక ఆ ఫలం సిద్ధించేవరకు ఆవృత్తి చేయవలసిందేనని చెబుతూ, శంకరులు వడ్లు దంపడాన్ని ఉదాహరణగా తీసుకుంటారు. రోకలి పోట్లకు ఇన్ని అని లెక్క ఉండదు. బియ్యం బయటపడేదాకా దంపుతారు, బయటపడ్డాక ఆపుతారు. దంపుడు బియ్యాన్ని సృష్టించదు, గింజలో ముందునుంచీ ఉన్న బియ్యానికి అడ్డుగా ఉన్న పొట్టును తొలగిస్తుంది. వ్యాకరణాభ్యాసానికీ అవగాహనకూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే చక్కగా చెప్పే ఉపమానం మరొకటి దొరకదు. తెలుగు వాడుకలో ఊకదంపుడు అన్న మాట నిందగా స్థిరపడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది: అందులో రోకలి ఉంది, శ్రమ ఉంది, చెమట ఉంది, కాని కుందెనలో గింజ లేదు.

వ్యాకరణాభ్యాసాన్ని మత సాహిత్యం ఒకే కంటితో చూడలేదు. కాశీలో ముసలితనంలో ధాతుపాఠం, అంటే క్రియామూలాల పట్టిక, వల్లెవేస్తున్న ఒకరిని చూసి శంకరులు భజగోవింద స్తోత్రం చెప్పారని సంప్రదాయ కథ. మరణం దగ్గరపడిన వేళ ఏ ధాతువూ రక్షించదన్నది దాని సారం. ఆ కథను పట్టుకొని వ్యాకరణమే వ్యర్థమని అనేవారు, ఆ హెచ్చరిక చేసిన ఆచార్యుడు తన భాష్యంలో అడుగడుగునా పదాల విభక్తిని, సమాసాన్ని, అన్వయాన్ని ఆధారం చేసుకునే సిద్ధాంతాన్ని నిలబెట్టారని మరచిపోతారు. ఆక్షేపణ వ్యాకరణంపైన కాదు, అది చేర్చవలసిన చోటికి చేరకుండా దానిలోనే ఆగిపోవడంపైన. మరోవైపు భర్తృహరి వాక్యపదీయంలో వ్యాకరణాన్ని మోక్షద్వారమనీ, వాక్కుకు పట్టిన మలినాలకు చికిత్స అనీ అంటాడు. అంత గొప్ప స్థానం ఇచ్చిన భర్తృహరే అర్థమిచ్చే అసలు ప్రమాణం అఖండమైన వాక్యమనీ, దానిని పదాలుగా, ప్రకృతి ప్రత్యయాలుగా విడగొట్టడం నేర్చుకునేవారి కోసం కల్పించిన ఉపాయమనీ, ఆ కల్పిత మార్గంలో నడిచే సత్యాన్ని చేరుకోవాలనీ కూడా అంటాడు. రెండు మాటలనూ కలిపి చదివినప్పుడే వ్యాకరణం విలువా, దాని పరిమితీ ఒకేసారి తెలుస్తాయి.

పరీక్షలకు చదివే పద్ధతుల్లో అతి సాధారణమైనది గైడులో ఉన్న జవాబులను, బిట్లను ఒక్కొక్కటిగా బట్టీ పట్టడం. పతంజలి వ్యాకరణ మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే, అంటే మొదటి పాఠభాగంలోనే, దీని అసాధ్యతను నిరూపించే కథ ఒకటి ఉంది. బృహస్పతి ఇంద్రుడికి వేయి దివ్య సంవత్సరాలపాటు శబ్దాలను ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయినా అంతు దొరకలేదు. గురువు బృహస్పతి, శిష్యుడు ఇంద్రుడు, కాలం వేయి దివ్య సంవత్సరాలు, అయినా ఫలితం లేదు. అందువల్లే ఉత్సర్గం, అంటే సాధారణ సూత్రం, అపవాదం, అంటే దానికి మినహాయింపు, ఈ రెండింటితో తక్కువ శ్రమలో శబ్దసముద్రాన్ని దాటించడమే వ్యాకరణం చేసే పని అని పతంజలి తేల్చాడు. సంవత్సరమంతా బిట్లు వల్లెవేసే పిల్లవాడు బృహస్పతి విడిచిపెట్టిన దారినే మళ్లీ పట్టుకుంటున్నాడు.

అదే ఆహ్నికంలో పతంజలి మరొక మాట అంటాడు. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్లి చేసిపెట్టమంటాడు గాని, మాటలు కావలసినవాడు ఎవడూ వ్యాకరణవేత్త ఇంటికి వెళ్లి మాటలు చేసిపెట్టమనడు, ఎందుకంటే మాటలు లోకవ్యవహారంలో ముందే సిద్ధంగా ఉంటాయి. సంస్కృతం చుట్టూ వినబడే సమాజంలో పుట్టిన ఆ మాట, ఇంట్లోగాని వీధిలోగాని ఇంగ్లీషు వినబడని ఊళ్లో చదువుకునే తెలుగు పిల్లవాడికి వర్తించదు. అతడికి లోకం ఇవ్వవలసిన భాషను కూడా బడే ఇవ్వాలి. అతడు నిజంగానే మాటల కోసం వ్యాకరణవేత్త ఇంటికి వెళ్లినవాడు. ఈ తేడాను గుర్తించకుండా, సూత్రాలు అనవసరమని ఒకరు, సూత్రాలు చాలునని ఒకరు చేసే వాదాలు రెండూ ఆ పిల్లవాడి పట్ల అన్యాయమే. మీమాంసకులు చెప్పే వృద్ధవ్యవహారం, అంటే పెద్దల వాడుకను గమనించి పసివాడు మాట నేర్చుకునే తీరు, ఇక్కడ గుర్తు తెచ్చుకోదగినది. ఆవును తెమ్మని ఒక పెద్ద అంటే రెండవవాడు తెస్తాడు, ఆవును కట్టమంటే కడతాడు, గుర్రాన్ని తెమ్మంటే గుర్రాన్ని తెస్తాడు. చూస్తున్న పసివాడు ఏ మాట చేరితే, ఏ మాట తొలగితే ఏం మారిందో పోల్చుకొని ఒక్కో మాట అర్థాన్ని పట్టుకుంటాడు. దీనిని ఆవాపోద్వాపం, అంటే చేర్చడమూ తీయడమూ అంటారు. ఒకే వాక్యంలో ఒక్కో పదాన్ని మారుస్తూ చెప్పించే పట్టికలు ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల బోధనలో వ్యాపించాయి. వాటి బలమూ బలహీనతా మీమాంసకుల ఉదాహరణతో పోలిస్తే బయటపడతాయి. ఆ ఉదాహరణలో మాట మారినప్పుడు ఎదుట జరిగే పని కూడా మారుతుంది, తరగతిగదిలోని పట్టికలో మాట మాత్రమే మారుతుంది.

యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అభ్యాసాన్ని ఈ దృష్టితో చూడాలి. కర్తను చివరికి పంపి, దాని ముందు బై చేర్చి, క్రియకు మూడవ రూపం పెడితే మార్కు వస్తుంది. పాణినీయ సంప్రదాయం ఇదే విషయాన్ని కారకం ద్వారా వివరిస్తుంది. కారకమంటే ఒక క్రియ జరగడంలో ఎవరికి ఏ పాత్ర ఉందో చెప్పే సంబంధం. రాముడు రావణుని చంపెను అన్నా, రామునిచేత రావణుడు చంపబడెను అన్నా చంపినవాడు రాముడే, చచ్చినవాడు రావణుడే, పాత్రలు మారలేదు. మొదటి వాక్యంలో క్రియారూపం కర్తను చెబుతుంది, రెండవదానిలో కర్మను చెబుతుంది, క్రియ చెప్పకుండా వదిలిన పాత్రను విభక్తి చెబుతుంది. ఇంత తెలిసినవాడికి తరువాతి ప్రశ్న సహజంగా పుడుతుంది: అర్థం ఒకటే అయినప్పుడు రెండు రూపాలెందుకు? చేసినవాడు తెలియనప్పుడు, తెలిసినా చెప్పనక్కరలేనప్పుడు, జరిగినదాని మీదికే దృష్టి మళ్లించాలనుకున్నప్పుడు ఇంగ్లీషు పాసివ్‌ను ఆశ్రయిస్తుంది. వాడుక తెలుగు ఆ పనిని బడు చేర్చకుండానే చేస్తుంది. గేటు మూసేశారు, కరెంటు తీసేశారు అన్నప్పుడు ఎవరన్నది ఎవరూ అడగరు. తన భాషలో తాను రోజూ చేస్తున్న పనినే మరో భాష మరో రూపంలో చేస్తున్నదని గ్రహించిన పిల్లవాడికి ఆ సూత్రం పొట్టు విడిచిన గింజ అవుతుంది.

రిపోర్టెడ్ స్పీచ్‌లో లోతు ఇంకా ఎక్కువ. తెలుగులో అని అన్న చిన్న మాట ఎదుటివాడి పలుకును ఉన్నదున్నట్టుగా మోసుకురాగలదు. నేను అలసిపోయానని రాము అన్నాడు అంటే అలసినవాడు సాధారణంగా రామువే. ఇంగ్లీషు పరోక్ష కథనం నేనును అతడుగా, ఉన్నానును ఉండెనుగా మార్చమంటుంది, ఎందుకంటే అక్కడ మాట చెబుతున్నవాడు నిలబడిన చోటునుంచే అన్నీ కొలవాలి. ఇది సర్వనామాల పట్టికగా బట్టీ పట్టవలసిన విషయం కాదు; ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు ఆ మాట ఎవరిదిగా ఉంటుంది అన్న విచారణ, పదిహేనేళ్ల వయసులో ఎదుర్కోదగిన తత్త్వ ప్రశ్న.

పఠనానికి వస్తే, తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యార్థజ్ఞానానికి చెప్పిన మూడు కారణాలు ఆధునిక తరగతిగదికి కూడా సరిపోతాయి. ఆకాంక్ష అంటే ఒక పదం అన్వయం కోసం మరొక పదాన్ని కోరుకోవడం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే ఏ వాక్యమూ కాదు. యోగ్యత అంటే అర్థానికి బాధ లేకపోవడం. నిప్పుతో తడుపుతున్నాడన్నది వ్యాకరణానికి నిలిచినా అర్థానికి నిలవదు. సన్నిధి అంటే పదాలు ఆలస్యం లేకుండా పలకబడటం. జాముకొక పదం చొప్పున చెబితే పదాలన్నీ సరైనవే అయినా అర్థం పుట్టదు. మొదటి రెంటికీ పాఠ్యపుస్తకాల్లో ఎంతో కొంత చోటు ఉంది, మూడవదాన్ని పట్టించుకున్నవారు తక్కువ. అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు వాక్యం చదివే పిల్లవాడు చివరి పదానికి చేరేసరికి మొదటి పదం మనసులోంచి జారిపోతుంది. అతడికి పదాలు తెలుసు, సూత్రం తెలుసు, తెలివికి కొదవ లేదు, లేనిది సన్నిధి. అటువంటివాడి ముందు కొత్త ప్యాసేజ్‌లు, కొత్త ప్రశ్నలు గుట్టలుగా పోయడం కంటే, సులువైన కథలను ధారాళంగా, బిగ్గరగా, చదివిందే మళ్లీ చదివించడం వేయిరెట్లు మేలు. చదువులో వెనకబడ్డవాడని ముద్ర వేయించుకున్న ఎందరో పిల్లలకు ఉన్న లోపం ఇదేననీ, దానిని బుద్ధిలోపంగా లెక్కించడం పెద్దల తప్పనీ గట్టిగా చెప్పవలసి ఉంది.

ప్యాసేజ్ మొత్తం ఏం చెబుతోందన్న ప్రశ్న తాత్పర్యానికి సంబంధించినది. వేదాంతులు ఒక ప్రకరణ తాత్పర్యాన్ని తేల్చడానికి ఆరు గుర్తులు చెప్పారు: ఆరంభమూ ముగింపూ ఒకే విషయాన్ని చెప్పడం, దానినే మళ్లీ మళ్లీ ప్రస్తావించడం, అది మరోచోట దొరకని కొత్త విషయం కావడం, దానివల్ల ఫలం చెప్పడం, దానిని ప్రశంసించడం, యుక్తితో సమర్థించడం. ఉపనిషత్తుల కోసం ఏర్పడిన ఈ గుర్తుల్లో కనీసం మొదటి రెండూ చివరిదీ ఏ గద్యభాగం విషయంలోనైనా పనికొస్తాయి. అంతకన్నా ముఖ్యం, వాటి వెనక ఉన్న నియమం: చదివేవాడు తనకు ఇష్టమైన అర్థాన్ని రచనమీద రుద్దకూడదు, రచనలోని గుర్తులకే లోబడాలి. జ్ఞానం వస్తుతంత్రం అన్న మాటకు చదువరి పాటించవలసిన రూపం ఇదే.

ఇక్కడే పరీక్షా విధానంలోని అసలు ఇబ్బంది ఎదురవుతుంది. ప్రశ్నలోని పదాన్ని ప్యాసేజ్‌లో వెతికి, అది ఉన్న వాక్యాన్ని ఎత్తి రాస్తే చాలా జవాబులు సరిపోతాయి. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదానిమీద ఊహగా గుర్తు పెడితే కొన్నిసార్లు సరిపోతుంది. పన్నెండో శతాబ్దానికి చెందిన శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో, యథార్థ జ్ఞానానికి చెప్పే నిర్వచనాలను పరీక్షిస్తూ, గుప్పిట మూసి ఎన్ని గవ్వలున్నాయో చెప్పమంటే ఐదని ఊహించి చెప్పినవాడి ఉదాహరణ తీసుకుంటాడు. గుప్పిట తెరిస్తే ఐదే ఉన్నాయి. అతడు చెప్పింది నిజమే, అయినా అతడికి తెలిసిందని ఎవరూ అనరు. జవాబుపత్రం దిద్దేవారి ముందు ఉన్నది ఐదు అన్న అంకె మాత్రమే, అది తెలిసి రాసినదో ఊహించి రాసినదో ఆ కాగితం చెప్పదు. 1979 నుంచి 1984 వరకు ఆంగ్ల బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు కేంద్రంగా నడిపిన ప్రయోగం ఈ ఇబ్బందికి బోధన వైపునుంచి ఒక జవాబు వెదికింది. మనసు అర్థంమీద నిమగ్నమై ఉన్నప్పుడే వ్యాకరణం బాగా పట్టుబడుతుందన్న ఊహతో, రైళ్ల సమయపట్టికలు, పటాలు వంటివి ఇచ్చి వాటి ఆధారంగా సమస్యలు సాధించమన్నారు. సూత్రాలను పూర్తిగా పక్కన పెట్టవచ్చా అన్నది వేరే చర్చ గాని, అక్కడ పిల్లవాడు జవాబుతోపాటు ఆ జవాబుకు దారి కూడా చూపవలసి వచ్చేది.

మరి బియ్యం బయటపడిందని తెలిసేదెలా? పతంజలి వ్యాకరణ ప్రయోజనాలను ఐదుగా లెక్కిస్తూ వాటిలో ఊహకు చోటిచ్చాడు. వేదమంత్రాలు అన్ని లింగాల్లో, అన్ని విభక్తుల్లో చెప్పబడలేదు. యజ్ఞంలో దేవత మారినప్పుడు మంత్రంలోని పదాన్ని తగినట్టు మార్చి పలకగలిగినవాడు వ్యాకరణం తెలిసినవాడే. ఇక్కడ ఊహ అంటే గవ్వల ఆటలోని అంచనా కాదు, తెలిసిన రూపాన్ని తెలియని సందర్భానికి యుక్తంగా మార్చుకోవడం. ఒకే మాట ఈ రెండు అర్థాలనూ మోస్తున్నది, పిల్లవాడి చదువు ఏ ఊహవైపు నడుస్తున్నదన్నదే చూడవలసిన విషయం. దానిని చూడటానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. మందు సీసామీది నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చదివి, పడుకోబోయే ముందు ఒకటే వేసుకోమన్నారు, పాలతో వద్దన్నారు అని నానమ్మకు తెలుగులో చెబుతున్న మనవరాలు, ఎవరన్నారో చెప్పని పాసివ్‌ను కర్త లేని తెలుగు బహువచనంగానూ, మరొకరి మాటను తన నోటి మాటగానూ మార్చేసింది. ఆ క్షణంలో ఆమెకు ఏ సూత్రమూ గుర్తు లేదు.