దొరికితే ఒప్పవుతుందా?

ఒక జుమా నమాజు తర్వాత మా బస్తీ పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "మౌలానా సాబ్, రాత్రి పోలీసులు వచ్చి బీరువా, పెట్టెలు అన్నీ తిరగేసి పోయారు. కాగితం చూపలేదు, ఎందుకో చెప్పలేదు. అల్‌హందులిల్లాహ్, ఏమీ దొరకలేదు. ఒకవేళ ఏదైనా దొరికి ఉంటే, వాళ్లు అలా రావడం ఒప్పయ్యేదా?" అని అడిగారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇతరుల కూపీలు లాగవద్దని దివ్యఖుర్‌ఆన్ (49:12) వారించింది. అనుమతి పొంది, సలాం చేయనిదే పరాయి ఇళ్లలోకి పోవద్దంది (24:27). ఇళ్లలోకి వాకిళ్ల గుండానే రమ్మంది (2:189). ఈ మూడూ ఒక్కచోట కలిసిన సంఘటనను ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా'లో ప్రస్తావించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతుంటే ఒక ఇంట్లోంచి పాట వినిపించింది. ఆయన గోడెక్కి లోపలికి దిగారు. ఒక మనిషి, అతని దగ్గర ఒక స్త్రీ, ఎదురుగా మద్యం. ఖలీఫా గద్దించారు. నేను ఒక ఆజ్ఞ మీరితే తమరు మూడు మీరారు అంటూ ఆ మనిషి పై మూడు ఆజ్ఞలనూ వినిపించాడు. క్షమిస్తే బాగుపడతావా అని అడిగి, అవునన్నాక ఉమర్ (రజి) వెళ్లిపోయారు.

గమనించండి, అక్కడ దొరికింది నిజమైన పాపమే. అయినా అది గోడ దూకడాన్ని ఒప్పుగా మార్చలేదు.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా పోలీసుల చేతికి హద్దు గీసింది. వారంటు లేకుండా సోదా చేయాలంటే, ఆలస్యమైతే పని చెడుతుందనడానికి తగిన కారణాన్ని ముందుగా రాతలో పెట్టాలి (సెక్షన్ 185). ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలి. ఇప్పుడు వీడియో తీయడం కూడా తప్పనిసరి. అర్ధరాత్రి ఇళ్లకు వెళ్లి నిఘా పెట్టే ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది.

అయితే ఒక సందు మిగిలింది. సోదా అక్రమమైనా, దొరికిన సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే దాన్ని వాడుకోవచ్చని అదే కోర్టు 1973లో పూరన్ మల్ కేసులో చెప్పింది. ఈ మాటలో బలం లేకపోలేదు. కూతురి పెళ్లికి దాచిన నగలు పోగొట్టుకున్న తండ్రిని అడగండి. పోలీసు ఒక కాగితం రాయలేదని ఆ నగలు తిరిగి దొంగకే ఇమ్మంటాడా? నేనూ అనను. కాని దొరికిన నగ దొంగ తప్పును రుజువు చేస్తుందే గాని, అధికారి తప్పును తుడిచేయదు. ఇవి రెండు వేర్వేరు లెక్కలు. పైగా లోపల ఏముందో గడప దాటేవాడికి ముందే తెలియదు. దొరకడమే సమర్థన అయితే, దొరుకుతుందేమోనని ప్రతి ఇంటి తలుపూ తట్టవచ్చు. కాబట్టి గడప దగ్గర అతనికి ఏం తెలుసు అన్నదే చూడాలి.

ఇమామ్ మావర్దీ (రహ్మ) 'అల్ అహ్కాముస్సుల్తానియ్య'లో ఇచ్చిన మినహాయింపు కూడా ఇలాంటిదే. నమ్మదగిన మనిషి వచ్చి ఫలానా చోట ఒకడు హత్యకు సిద్ధపడ్డాడని చెబితే, వెళ్లి చూడవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు. ఇక్కడ కూడా ఆధారం ముందు, అడుగు తర్వాత.

మరుసటి జుమాకు ఆ పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే వాళ్లు ముందుగా రాసిన కారణం నేను చూడొచ్చా?" అన్నారు. చూడవచ్చు. ఆ రాత ప్రతిని పోలీసులు మేజిస్ట్రేటుకు పంపాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఉచితంగా నకలు ఇస్తారు. ఆయనకు తెలుగు రాయడం రాదు. దరఖాస్తు నేనే రాసిచ్చాను.