అకరణ ప్రత్యవాయం: ఇంజన్ మూత కింద ఒక మీమాంస

విధించిన పని చేయకపోవడం వల్ల పాపం పుడుతుందా అనేది భారతీయ దర్శనాల్లో చాలాకాలం నలిగిన ప్రశ్న. పూర్వమీమాంసకులు కర్మలను మూడు విధాలుగా చెప్పారు: సంధ్యావందనం వలె ప్రతిదినమూ తప్పక చేయవలసినవి నిత్యాలు, గ్రహణస్నానం వలె ఒక నిమిత్తం ఏర్పడినప్పుడు చేయవలసినవి నైమిత్తికాలు, వాననో సంతానాన్నో స్వర్గాన్నో కోరి చేసేవి కామ్యాలు. కామ్యాలకు ఫలం స్పష్టమే గనుక వాటితో పేచీ లేదు. చిక్కంతా నిత్యకర్మతోనే వచ్చింది. దానిని చేసినందువల్ల కొత్తగా చేకూరేది ఏదీ కనిపించదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అనగా దోషం, అంటుతుందన్నారు. కుమారిలభట్టును అనుసరించినవారు దురితక్షయాన్నే, అనగా పాపం తరగడాన్నే, దానికి ప్రయోజనంగా చూపగా, ప్రభాకరుని అనుయాయులు విధి ఉన్నదన్న ఎరుకే మనిషిని కదిలించడానికి చాలుననీ, వేరే ఫలాన్ని వెదకనక్కరలేదనీ వాదించారు. శంకరాచార్యులు తైత్తిరీయ, గీతాభాష్యాలలో ఈ వాదం మొదలునే పట్టుకున్నారు: చేయకపోవడం అభావం, పాపమేమో భావపదార్థం, లేనిదాని నుండి ఉన్నది ఎట్లా పుడుతుంది?

ఈ ప్రశ్నను పరీక్షించడానికి యజ్ఞశాలే కావాలన్న నియమం లేదు. పెట్రోలు కారు ఇంజన్‌కు చేయవలసిన పనులలో థ్రాటిల్ బాడీని శుభ్రపరచడం అచ్చంగా నిత్యకర్మ లక్షణం కలది; దానిని చేసినందువల్ల బండికి కొత్త శక్తి ఏదీ రాదు, ఎట్లా ఉండాలో అట్లా ఉంటుంది, అంతే. థ్రాటిల్ బాడీ అంటే ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన గాలి ఇంజన్‌లోకి ప్రవేశించే అల్యూమినియం గొట్టం. దాని నడుమ ఇరుసు మీద తిరిగే పలుచని గుండ్రటి బిళ్ళ ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ అది తెరుచుకుని గాలిని వదులుతుంది. బండి కదలకుండా ఇంజన్ మాత్రమే తిరుగుతున్న స్థితిలో, అంటే ఐడిల్‌లో, బిళ్ళ దాదాపు మూసుకునే ఉంటుంది గనుక, దాని అంచుకూ గొట్టం గోడకూ మధ్య మిగిలిన సన్నని సందే అప్పటి ఊపిరికి ముఖ్యమైన ఆధారం. మసి పేరుకునేది సరిగ్గా అక్కడే. సిలిండర్లో మండిన వాయువులలో కొంత పిస్టన్ రింగులను తప్పించుకుని కిందికి జారి, ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని పైకి వస్తుంది. కాలుష్యాన్ని అరికట్టే ఉద్దేశంతో 1960ల నుండి ఈ ఆవిరిని బయటికి విడవకుండా పీసీవీ అనే వాల్వు ఏర్పాటుతో తిరిగి గాలిదారిలోకే మళ్ళిస్తున్నారు. అది చల్లని లోహాన్ని తాకినచోట చెమ్మగా దిగి, సన్నని దుమ్ముతో కలిసి, నల్లని జిగురై గట్టిపడుతుంది. సందు ఇరుకై ఆర్‌పీఎం ముల్లు నిలకడ లేకుండా ఊగుతుంది, సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఉన్నప్పుడు ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోవడమూ ఉంటుంది.

ఇక్కడ శంకరుల ఆక్షేపణ అక్షరాలా నిలుస్తుంది. తుడవకపోవడం అనే అభావం ఒక్క రవ్వ మసిని కూడా పుట్టించలేదు; మసికి కారణం ఇంజన్ నడవడమే. తుడవనివాడి కారు షెడ్డులో నిలిచి ఉన్నంతకాలం బిళ్ళ అంచున పొర పెరగదు. అయినా మీమాంసకుని మాటలో సారం లేదనుకోవడం తొందరపాటు; ఎందుకంటే ఉత్త అకరణం అన్నది వాడుకలో ఎక్కడా ఎదురుకాదు. గీత మూడో అధ్యాయం చెప్పినట్టు ఎవడూ క్షణమైనా ఏదో ఒక కర్మ చేయకుండా ఉండడు గనుక, శుభ్రపరచడం మానినవాడు ఊరక కూర్చోలేదు, రోజూ కారు నడుపుతూనే ఉన్నాడు. దోషం పుట్టినది ఆ నడపడం నుండి. మానిన పని దానిని తొలగించవలసిన పని మాత్రమే. ప్రత్యవాయాన్ని అభావంలో కాక, అభావం పక్కనే సాగుతున్న క్రియలో వెదికితే రెండు పక్షాలకూ చోటు దొరుకుతుంది. ఇందుకు న్యాయదర్శనం తోడు వస్తుంది: నైయాయికులు ప్రతిబంధకాభావాన్ని, అనగా అడ్డు లేకపోవడాన్ని, కార్యానికి కారణాలలో ఒకటిగా లెక్కించారు. వారి ఉదాహరణలో, దహనాన్ని ఆపే మణి అడ్డుపడితే నిప్పు కాల్చదు, మణిని తీస్తే కాలుస్తుంది, నిప్పుకు కొత్తగా వచ్చినదేమీ లేదు. నూలు రాలని గుడ్డకు క్లీనర్ పట్టించి బిళ్ళ అంచు చుట్టూ మెల్లగా తుడిచే మెకానిక్ చేసేది కూడా ఆ తీసివేతే.

శుద్ధి తరువాత జరిగే సంగతి ఇంకా ఆలోచింపదగినది. ఇప్పటి కార్లలో బిళ్ళను తిప్పేది తీగ కాదు, చిన్న మోటారు. దానిని నడిపించేది ఈసీయూ అనే కంప్యూటరు. బిళ్ళను వేలితో బలవంతంగా నెట్టకూడదని మెకానిక్కులు హెచ్చరించేది లోపలి పళ్ళచక్రాలు దెబ్బతింటాయనే. మసి పెరిగేకొద్దీ ఈసీయూ బిళ్ళను ఐడిల్‌లో కొద్దికొద్దిగా ఎక్కువ తెరుస్తూ, ఆ సవరణను జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. అందువల్ల లోపం చాలాకాలం బయటపడదు. మసి తీసివేసిన రోజున జ్ఞాపకం మాత్రం పాతదే గనుక అవసరానికి మించి గాలి చొరబడి, ఇంజన్ కొంతసేపు గట్టిగా తిరుగుతుంది. సవరణను మళ్ళీ నేర్పితేనో, కొంత నడిచాక తనంతట నేర్చుకుంటేనో కుదుటపడుతుంది. అనుభవం తొలగినా దాని ముద్ర నిలిచి ప్రవర్తనను నడిపించడాన్ని దర్శనకారులు వాసన అన్నారు. మలాన్ని కడగడం ఒక పని, మలానికి అలవాటుపడిన పద్ధతిని మాన్పించడం వేరొక పని అన్న వివేకం ఇక్కడ పుస్తకం లేకుండానే దొరుకుతుంది.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చడం థ్రాటిల్ బాడీ శుద్ధికి భిన్నం. సిలిండర్ హెడ్డు మీది మూతకూ హెడ్డుకూ మధ్య ఆయిల్ కారకుండా అమర్చే రబ్బరు పట్టీని షెడ్డుల్లో ప్యాకింగ్ అంటారు. వేడికి అది బిరుసెక్కి, పగుళ్ళు తేరి, ఆయిల్‌ను స్పార్క్ ప్లగ్గుల గుంతలలోకో, ఎగ్జాస్ట్ మీదికో వదులుతుంది. కాలిన వాసనే తొలి నిమిత్తం గనుక ఇది నైమిత్తికం. రబ్బరు బండి నిలిచి ఉన్నా ముదురుతుంది. వైశేషికులు పుట్టిన ప్రతిదానికీ కాలాన్ని సాధారణ కారణంగా చెప్పినది ఇటువంటి చోట్ల గుర్తుకు రాక తప్పదు. మసి విషయంలో నడిపినవాడి మీద మోపిన భారాన్ని రబ్బరు విషయంలో పూర్తిగా మోపడం న్యాయం కాదు.

కానీ మార్చే తీరులో బాధ్యత తిరిగి వచ్చి చేరుతుంది. పాత పట్టీ ముక్కలను లోహం గీరుకోకుండా తీసి, రెండు అంచులనూ పొడిగా తుడిచి, కొత్తదానిని గాడిలో కూర్చి, బోల్టులను మధ్య నుండి బయటికి దఫదఫాలుగా బిగించాలి. వీటికి సాధారణంగా సుమారు 10 న్యూటన్ మీటర్ల తిప్పుబలం చాలు, మించితే మూత వంగుతుంది లేదా మరలు తెగుతాయి. ప్యాకింగ్ దొరకలేదని సీలెంట్ గొట్టం పిండి పని కానిచ్చేవారున్నారు. మీమాంసలో దీనికి ప్రతినిధి అని పేరు: యాగానికి సోమలత దొరకనప్పుడు బదులుగా పూతిక అనే మొక్కను వాడవచ్చునన్నది ప్రసిద్ధమైన ఉదాహరణ. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలోని ఈ చర్చ ద్రవ్యానికి మాత్రమే ప్రతినిధిని అంగీకరించి, దేవతకూ మంత్రానికీ క్రియకూ నిరాకరించింది. చాలా ఇంజన్లలో మూల కీళ్ళ దగ్గర రవ్వంత సీలెంట్ విహితమే. పట్టీకి బదులు అంతటా పూస్తే, లోపలికి పొంగిన ముక్క రాలి ఆయిల్ జల్లెడకు అడ్డుపడవచ్చు. ఇక ప్యాకింగ్ మార్చకుండా, కారిన ఆయిల్‌ను పైపైన తుడిచి, తగ్గినంత మళ్ళీ పోసుకుంటూ పోవడమనే వాడుక ద్రవ్యానికి ప్రతినిధి కాదు, క్రియకే ప్రతినిధి; జైమిని దానికి ఎక్కడా అనుమతి ఇవ్వలేదు.